కచేరీ, పెరడు, మన చెవులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను పిలుస్తూ "ఆరోగ్యం మీద ఏదైనా నాలుగు ముక్కలు చెప్పవయ్యా" అన్నారు. బీపీ, షుగరు గురించి చెప్పడానికి మన బ్యాచ్‌లలోనే నాకంటే పెద్ద డాక్టర్లు ఉన్నారు. పైగా భోజనాల ముందు షుగరు మాట ఎత్తితే వంటశాలలో వేగుతున్న బూరెలకు అన్యాయం చేసినట్టవుతుంది. నేను ముప్ఫై అయిదేళ్లుగా ఊళ్లోవాళ్ల చెవులు చూసి బతుకుతున్నవాణ్ణి. అందుకని చెవికి సంబంధించిన రెండు సుఖాల గురించి మాట్లాడతాను. ఒకటి, ఎదురుగా కూర్చుని వినే పాటకచేరీ. రెండోది, పొద్దున్నే పెరట్లోనో బాల్కనీలోనో కూర్చుని పిట్టల్ని చూడటం, వాటి కూతలు వినడం. ఈ రెండూ ఖర్చులేని సుఖాలే. మన విజయనగరంలో ఇప్పటికీ చాలా కచేరీలకు టిక్కెట్టు లేదు. పిట్టలకు ఎప్పుడూ లేదు.

మా క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్ల మాటలు రెండు చెబుతాను. ఈ రెండూ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదటిది: "ఇప్పటి పాటగాళ్లు పదాలు మింగేస్తున్నారండీ, సాహిత్యం ఒక్క ముక్క తెలియదు. అందుకే సభలకు వెళ్లడం మానేశాను." రెండోది: "మా వీధిలో ఇప్పుడు పిట్టలేవీ లేవండీ. చిన్నప్పుడు ఎంత సందడిగా ఉండేదో." రెండింటిలోనూ కొంత నిజం ఉంది. పదాలు మింగేసేవాళ్లు ఉన్నారు, పిచ్చుకలు తగ్గాయి. కానీ ఆ మాట అన్నాయనను గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేస్తే, చాలాసార్లు కాగితం మీద గీత కుడివైపుకు వెళ్లేకొద్దీ మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది. పాటగాడు పదాలు పలికాడు. పిట్టలూ కూశాయి. చేరవలసిన చోటికి చేరలేదు, అంతే.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. మన లోపలి చెవి నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది. అందులో శబ్దాన్ని పట్టుకునే సన్నని రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. గుల్ల మొదట్లో ఉన్నవి హెచ్చు స్థాయి శబ్దాలను, లోపలి చివర ఉన్నవి తగ్గు స్థాయి శబ్దాలను పట్టుకుంటాయి. వయసుతోనూ, పెద్ద చప్పుళ్లతోనూ ముందు దెబ్బతినేవి గుమ్మం దగ్గర ఉన్నవే. కాబట్టి మొదట పోయేది సన్నని స్వరం. మాటల్లో స, శ, త, ప లాంటి అక్షరాల పదును పోతుంది. అచ్చులు మాత్రం బాగానే వినిపిస్తాయి. అందుకే "వినపడుతోంది డాక్టరు గారూ, అర్థమే కావటం లేదు" అంటారు. ఇంట్లోవాళ్లు గట్టిగా అరుస్తారు. అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి తప్ప హల్లులు తేటపడవు. ఆయనకు కోపం, వీళ్లకు విసుగు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. మనకు ఆ రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. పిట్టలకు మొలుస్తాయి. కోడిపిల్లల్లోనూ, కౌజుపిట్టల్లోనూ దెబ్బతిన్న కణాల చోట కొత్తవి పుడుతున్నాయని 1988లో శాస్త్రవేత్తలు చూపించారు. ముసలి పిట్టకు కూడా చెవి పనిచేస్తూనే ఉంటుందన్నమాట. మనకు ఆ భాగ్యం లేదు గనక, ఉన్నదాన్ని ఉన్నంతకాలం వాడుకోవాలి.

ముందు కచేరీ సంగతి. విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్లకు సంగీతం గురించి నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. 1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఒక పిల్లవాడికి దారి చూపించాలన్న ఆలోచనలోంచే అది పుట్టిందని మన పెద్దలు చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆయనకు చూపు మందం. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సభ మధ్యలో కూర్చోబెట్టి, అదొక్కటే కచేరీ అంతా నడపగలదని చూపించిన మహానుభావుడాయన. ఘంటసాల గారు వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. సుశీల గారు పుట్టిందీ, సంగీతం నేర్చిందీ ఇక్కడే. ఇంత ఊళ్లో, ఈమధ్య ఒక మంచి వయొలిన్ కచేరీకి వెళ్తే, వేదిక మీద ముగ్గురు, కింద పాతికమంది ఉన్నాం. ఆ పాతికలో సగం మంది పాడేవాళ్ల చుట్టాలు.

ఫోన్‌లో పెద్ద పెద్ద విద్వాంసుల కచేరీలన్నీ దొరుకుతుంటే వెళ్లడం ఎందుకని మా అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచింది చెబుతాను. ఫోన్‌లో పాట అయిపోయిన పాట. కచేరీలో పాట ఇంకా కాలేదు. రాగం ఎత్తుకున్న మనిషి ఎటు తిరుగుతాడో ఆయనకే పూర్తిగా తెలియదు. వయొలిన్ ఆయన ఒక అడుగు వెనకగా నీడలా వస్తుంటాడు, మృదంగం ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని గాయకుడి మొహం చూస్తుంటాడు. స్వరకల్పనలో లెక్క సరిగ్గా సమానికి వచ్చి పడితే ముందు వరసలో ఎవరో "ఆహా" అంటారు. ఆ ఆహా విని పాడేవాడు ఇంకొక ఆవర్తం పెంచుతాడు. అంటే వినేవాడికి కూడా కచేరీలో ఒక చెయ్యి ఉంది. ఫోన్‌కి ఎన్నిసార్లు ఆహా అన్నా అది ఒక్క స్వరం ఎక్కువ పాడదు.

ఇంకొకటి. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోయే పెద్దమనుషులు మన సభలో కూడా ఉన్నారు. నేను పేర్లు చెప్పను, వాళ్లకు తెలుసు. ఆ మృదంగం ఆయన గంటన్నర సేపు ఇంకొకరి పాటకు అండగా వాయించి, తనకంటూ పది నిమిషాలు వస్తే అప్పుడు కుర్చీల చప్పుడు వినాలా? కాఫీ కాసేపు ఆగుతుంది.

సంగీతం అంటే త్యాగరాజ కీర్తనలొక్కటే అని కాదు. మన వైపు తప్పెటగుళ్లు ఉన్నాయి. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ ఆడుతూ పాడతారు. దాన్ని టీవీలో చూస్తే దరువు వినిపిస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే నేల అదురుతుంది. జముకుల కథ రాత్రి ఆరుబయట వినాలి. నవమి పందిళ్లలో తాటాకు చలవ కింద, పానకం గ్లాసు చేత్తో పట్టుకుని విన్న హరికథలు మన బ్యాచ్‌వాళ్లందరికీ గుర్తే. మర్నాడు బడికి వచ్చి అందులోని పిట్టకథలు తరగతిలో చెప్పుకునేవాళ్లం. రాగాల పేర్లు ఎవడికీ తెలియదు. తెలియకపోవడం వల్ల ఆనందానికి వచ్చిన లోటూ లేదు.

ఇప్పుడు వైద్యుడిగా ఒక ఫిర్యాదు. పాట ఎంత మంచిదైనా స్పీకరు ముందు కూర్చోకండి. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు ఉండటమే హద్దంటారు. అక్కణ్ణించి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత సభలకు ప్రమాణాలు పెడుతూ సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది. పెళ్లి ఊరేగింపులో డీజే వెనకాల నడిచే పిల్లలకు ఈ లెక్కలేవీ తెలియవు. మర్నాడు చెవుల్లో గుంయ్ మంటోందని వస్తారు. రెండు రోజుల్లో తగ్గితే అదృష్టమే. తగ్గినా, లోపల కొంత అరిగిందనే అర్థం. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట మైకు కూడదు. బడికీ, ఆసుపత్రికీ చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. మన బడి గోడ మీద ఆ బోర్డు ఉంది. దాని పక్కనే ఒక స్పీకరు కూడా ఉంది.

ఇక పెరడు. పెరడు అనగానే "మాది అపార్ట్‌మెంటు కదండీ" అంటారు. బాల్కనీ చాలు. ఒక వెడల్పాటి మట్టి మూకుడు, అందులో రెండంగుళాల నీళ్లు. రోజూ మార్చాలి, లేకపోతే పిట్టల కంటే ముందు దోమలు వస్తాయి. కుండీలో మందారమో నూరువరహాలో ఉంటే తేనెపిట్ట వెతుక్కుంటూ వస్తుంది. నేల ఉన్నవాళ్లు కరివేపాకు చెట్టును పెరగనివ్వండి. దాని నల్లని పళ్లకు పిగిలిపిట్టలు, కోకిలలు వస్తాయి. సంక్రాంతినాటికి కొత్త వరికంకులతో కుచ్చు కట్టి వసారాలో వేలాడదీసే అలవాటు మన ఇళ్లలో ఉండేది. మా అమ్మ కట్టేది. ఇప్పుడవి పట్నంలో అలంకారానికి అమ్ముతున్నారు. కొనండి, కానీ లోపల హాల్లో కాక బయట కట్టండి. పిచ్చుకలకు గింజలతో పాటు పురుగులు కూడా కావాలి, పిల్లలకు అవే పెడతాయి. కాబట్టి మొక్కలకు మందు కొట్టడం తగ్గించండి. పావురాలను మాత్రం బాల్కనీలో మేపకండి. వాటి రెట్టల ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇది డాక్టరు మాట.

పొద్దున్న ఆరింటికి కుర్చీ వేసుకుని పావుగంట కూర్చోండి. ఫోన్ లోపల పెట్టండి. మొదటి అయిదు నిమిషాలు కాకి, గోరింక తప్ప ఏమీ ఉండవు. తర్వాత మెల్లిగా ఒక్కొక్కటీ విడివడతాయి. ఇక్కడ కూడా మంద్ర, మధ్య, తార స్థాయిలున్నాయి. జెముడుకాకి గొంతు మంద్రం, కుండలోంచి వచ్చినట్టు "ఊప్ ఊప్" అంటుంది. కంసాలిపిట్ట రావి చెట్టు మీద కూర్చుని చిన్న సుత్తితో కొట్టినట్టు "టుక్ టుక్ టుక్" అని ఒకే కాలప్రమాణంలో నిమిషాల తరబడి కొడుతుంది. దానికి పక్కవాద్యం అక్కర్లేదు, తని ఆవర్తనానికి ఎవరూ లేచి వెళ్లరు. కోకిల ఒక్కో కూతకూ శ్రుతి పెంచుకుంటూ పోయి, హఠాత్తుగా ఆపేస్తుంది. వేసవి ముందు పెద్ద నల్లంచి, నలుపూ తెలుపూ ఉన్న చిన్న పిట్ట, తోక పైకెత్తి కూర్చుని పాడుతుంది. నా మటుకు మన పెరళ్లలో మొదటి విద్వాంసుడు అదే. కోకిలకు పేరు ఎక్కువ వచ్చింది. ఇంక అన్నిటికంటే పైన తేనెపిట్ట కిచకిచ, దారపు పోగంత సన్నం.

కోకిల మాట వచ్చింది కాబట్టి ఒకటి. బాగా పాడే ఆడపిల్లలను గానకోకిల అంటాం కదా. చైత్రంలో "కుహూ కుహూ" అని పాడేది మగ కోకిల, నల్లగా నిగనిగలాడేది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. అది గుడ్లు కాకి గూట్లో పెట్టే పనిలో ఉంటుంది, పాడే తీరిక ఎక్కడిది? బిరుదు మార్చమని నేను అనను. కానీ ఈసారి చైత్రంలో చెట్టు మీదికి చూడండి.

ఆ తార స్థాయి సంగతే నాకు ముఖ్యం. పక్కన మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టుకోండి. "తాతా, ఆ చిన్న పిట్ట అరుస్తోంది" అని వాడంటే, దాని ముక్కు కదలడం మీకు కనిపిస్తూ కూత వినపడకపోతే, ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. జెముడుకాకి వినపడింది కదా, నా చెవులు బాగానే ఉన్నాయనుకోవద్దు. అది చివరిదాకా వినిపిస్తుంది. మెర్లిన్ అని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల ఉచిత యాప్ ఒకటుంది. చుట్టూ కూస్తున్న పిట్టల పేర్లు తెర మీద చూపిస్తుంది. తెర మీద నాలుగు పేర్లు, మీ చెవికి రెండే కూతలు అయితే, సంగతి తెలిసినట్టే. పిల్లలు పిట్టను వదిలి తెరనే చూస్తూ కూర్చునే ప్రమాదం మాత్రం ఉంది, అది మీరు చూసుకోవాలి.

రెండేళ్ల క్రితం ఒక పెద్దాయన వచ్చారు. డెబ్భై నాలుగేళ్లు. మన బడి వారు కాదు గానీ వేరే ఊళ్లో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. జీవితమంతా సభల్లో మొదటి వరస. అయిదారేళ్లుగా వెళ్లడం లేదు. కొడుకు బలవంతం మీద చెవి మిషను పెట్టించాను. పది రోజులకు తెచ్చి బల్ల మీద పెట్టేశారు. "ఇంట్లో గిన్నెలు పిడుగుల్లా పడుతున్నాయి, కచేరీకి వెళ్తే తంబూర తేనెటీగలా ఉంది. నాకు వద్దు" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఈ మిషన్లు ముఖ్యంగా మాట కోసం తయారయ్యాయి. ఆగకుండా ఒకేలా సాగే శబ్దాన్ని చప్పుడనుకుని నొక్కేస్తాయి. తంబూర పని ఒకేలా సాగడమే కదా! చాలా మిషన్లలో సంగీతానికి వేరే అమరిక ఉంటుంది, అందులో ఈ నొక్కడాలు తీసేస్తారు. అది పెట్టాం. గిన్నెలకు మాత్రం మెదడు అలవాటు పడాలి, కొన్ని వారాలు పడుతుంది. రోజూ పొద్దున్న పెరట్లో పావుగంట మిషనుతో కూర్చోమన్నాను. నిశ్శబ్దంగా ఉన్నచోట చిన్న శబ్దాలతో మొదలుపెడితే చెవి తొందరగా కుదుటపడుతుంది. లెక్కల మాస్టారు కదా, నోటు పుస్తకం పెట్టి రాసుకొచ్చారు. తేదీ, టైము, ఎన్ని రకాల కూతలు. మొదటి రోజు మూడు. నెల తిరిగేసరికి తొమ్మిది. "మా వీధిలో ఏమీ లేవనుకున్నానయ్యా" అన్నారు. తర్వాత సభకు కూడా వెళ్లారు. "పాట మునుపటిలా లేదు, ముప్పావు వంతు ఉంది" అన్నారు. నేను ఇంకా పెంచి చెప్పను, మిషను చేసేది అంతే. ఆలస్యం చేసినకొద్దీ ఆ ముప్పావు సగమవుతుంది. వినికిడి పోయినవాళ్లు మెల్లిగా మనుషుల్లోంచి తప్పుకుంటారు. మతిమరుపు జబ్బుకు మనం అడ్డుకోగల కారణాల్లో వినికిడి లోపం కూడా ఒకటని 2020లోనూ, 2024లోనూ లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం చెప్పింది. కళ్లజోడుకు లేని సిగ్గు చెవి మిషనుకు ఎందుకో నాకు ముప్ఫై అయిదేళ్లుగా అర్థం కాలేదు.

సంఘానికి రెండు విన్నపాలు చేసి దిగిపోతాను. స్వర్ణోత్సవ నిధితో సభాభవనం కడుతున్నారని విన్నాను, చాలా సంతోషం. ప్లాను గీసే తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. తమ్ముడూ, నేలంతా నున్నటి టైల్సు, గోడలంతా అద్దాలు పెట్టి కల్యాణమండపంలా చేయకు. ఒక్కో మాట నాలుగుసార్లు ప్రతిధ్వనిస్తే మంచి చెవులకే అర్థం కాదు, మా మాస్టార్ల సంగతి చెప్పనక్కర్లేదు. పైకప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు వేయించు. మైకు లేకుండా వయొలిన్ చివరి వరసకు వినిపించేంత హాలు చాలు. నెలకొక సాయంత్రం సంగీత కళాశాల పిల్లలను పిలిచి గంటన్నర పాడించుకుందాం. తూర్పు గోడ పక్కన ఉన్న నేరేడు చెట్టును ప్లానులోంచి తప్పించావట, అటు రెండు గజాలు జరిగితే సరిపోతుందేమో మళ్లీ కొలిచి చూడు. ఎండాకాలం చివర ఆ చెట్టు మీద వాలే పిట్టలను మన పిల్లలు తరగతి కిటికీలోంచి లెక్కపెట్టవచ్చు.

రెండోది ఆ లెక్కే. అమెరికాలో 1998లో మొదలైన పెరటి పిట్టల లెక్కింపులో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు. కనీసం పావుగంట ఒకచోట నిలబడి కనిపించినవీ వినిపించినవీ రాసి పంపాలి. అదే రోజుల్లో బడులూ కళాశాలలూ తమ ఆవరణలో పిట్టలను లెక్కపెట్టే కార్యక్రమం కూడా ఉంటుంది. సైన్సు టీచరు గారితో మాట్లాడాను, ఎనిమిదో తరగతిని ఇస్తానన్నారు. పెద్దవాళ్లు ఎవరైనా వచ్చి పిల్లల పక్కన నిలబడితే బాగుంటుంది. పేర్లు తెలియక్కర్లేదు, పిల్లలకే ఎక్కువ తెలుసు.

సాయంత్రం ఆరున్నరకు ఇదే పందిట్లో మన పూర్వ విద్యార్థిని వయొలిన్ కచేరీ ఉంది. మైకు అబ్బాయితో మాట్లాడాను, సగానికి తగ్గిస్తానన్నాడు. కుడివైపు స్పీకరు ముందున్న రెండు వరసలు ఖాళీగా ఉంచమన్నాను. పెద్దవాళ్లకు మధ్య వరసల్లో కుర్చీలు వేయించాం. మిషన్లు ఉన్నవాళ్లు సంగీతం అమరిక పెట్టుకోవడం తెలియకపోతే టీ సమయంలో నా దగ్గరకు రండి, పెట్టి ఇస్తాను. ఇక భోజనాలకు లేద్దాం.